నాలుక దువ్వెన

కావలి మొదలుకొని బాపట్ల దాకా ఎన్ని ఉప్పు కొటార్లున్నాయో అన్నిటిలోనూ, మడిలో నీళ్లు వేలికి అద్దుకుని నాలుక చివర పెట్టి, "ఇది ఎల్లుండి పొద్దుటికి గడ్డకడుతుంది" అని చెప్పగల మొనగాడు ఒక్కడే ఉన్నాడు. వాడి పేరు కోటిలింగం. అంటే నేనే. మా ఊరి బడిలో ఐదో తరగతి రెండుసార్లు చదివాను కానీ, నా నాలుక ఏ పరీక్షా తప్పింది లేదు.

నమ్మరా? ఒకసారి ఒక ఆఫీసరు నా కళ్లకు గంతలు కట్టి ఏడు గిన్నెలు ముందు పెట్టాడు. ఆరింటిలో నీళ్లు ఏ మడివో చెప్పాను. ఏడోది నాలుకకు తగలగానే, "అయ్యా, ఇది మడి నీరు కాదు, మీ ఇంటావిడ కన్నీరు. మీ బదిలీ ఆమెకు ఇష్టం లేదు" అన్నాను. ఆయన అక్కడికక్కడే సెలవు చీటీ రాసుకుని ఇంటికి పరుగెత్తాడు.

ఈ గొప్ప కాస్త గుర్తుంచుకోండి. నా కొంప ముంచింది ఇదే.

ఉప్పు పండించడం తెలియనివాళ్లకు రెండు ముక్కలు. సముద్రపు నీళ్లు మడుల్లోకి పారిస్తాం. ఎండ తాగినంత తాగి, ఉప్పు కిందికి దిగుతుంది. ఉప్పు దిగాక పైన మిగిలేది చేదునీరు. దాన్ని సమయానికి తూము తీసి వదిలేయాలి. ఒక్క పూట ఆలస్యమైతే ఆ చేదు ఉప్పుకు పట్టి, రాశి రాశీ పనికిరాకుండా పోతుంది. ఆ సమయం తెలుసుకోవడానికి గీతలున్న గాజు గొట్టం ఒకటి ఉంది, నీళ్లలో తేలేస్తారు. మా కొటారులో అందరి దగ్గరా ఉంది. నా దగ్గర లేదు. సింహం కత్తి పట్టుకు తిరుగుతుందా?

రెండేళ్ల కిందట వైశాఖంలో ఇందుమతి మేడం వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. ఒంగోలు బయట ఒక ఆటల కంపెనీకి ప్రయోగశాల ఉంది, అందులో పెద్ద చదువుల మనిషి. నన్ను కారులో తీసుకెళ్లింది. చల్లటి గది, గోడ నిండా తెరలు, తెరల మీద సముద్రాలు, కోటలు.

"దీని పేరు ఏడుదీవులు తాతా. లక్షలమంది ఆడతారు. ఒక్కొక్కరికి ఒక్కో వేషం. యుద్ధాలు చేస్తారు, ఓడలు నడుపుతారు, పెళ్లిళ్లు కూడా చేసుకుంటారు" అంది.

"మరి నాతో ఏం పనమ్మా? పెళ్లికొడుకు తక్కువయ్యాడా?"

నవ్వింది. తన కొప్పులో నుంచి ఒక దువ్వెన తీసి చూపించింది. నల్లగా, కొమ్ముతో చేసినట్టుంది. "దీన్ని జుట్టులో గుచ్చుకుంటే ఆ దీవుల్లోకి వెళ్లినట్టే ఉంటుంది. గాలి తగులుతుంది, నేల తగులుతుంది. విందులో కూర్చుంటే మాత్రం నోట్లో ఏమీ ఉండదు. రుచి ఒక్కటి కుదరలేదు. అందుకే నాలుకలు వెతుకుతున్నాం. ఉప్పుకు మీ నాలుకే అని ఈ తీరమంతా చెప్పారు."

అప్పుడైనా నిజం చెప్పాలి కదా. చెప్పలేదు. మీసం దువ్వుకున్నాను.

దువ్వెన గుచ్చింది. పళ్లు నెత్తిని తాకి సన్నగా గుంయ్‌మన్నాయి. ఉప్పునీళ్లు ఒక్కొక్క చెంచా నోట్లో పోస్తూ తెర చూసుకుంటోంది.

"నా రుచి మీరు తీసుకుంటే నాకు మిగులుతుందా అమ్మా?" అన్నాను, వేళాకోళానికే.

"వేలిముద్ర వేస్తే వేలు పోతుందా తాతా?"

ఆ మాట నాకు నచ్చింది. మధ్యాహ్నం ఆమె తన డబ్బా తెరిచి పెరుగన్నం తింటోంది. నేను బల్లకు ఇవతల ఉన్నాను, నాకే పులిసిన కంపు కొట్టింది. పొద్దున కలిపింది కాదు, నిన్నటిది. ఆమె తాపీగా ముద్ద మీద ముద్ద తినేసింది. పాపం, పనిలో పడి గమనించలేదనుకున్నాను.

పని అయ్యాక, "ఒకసారి లోపలికి వెళ్లి చూడండి" అని ఆ దువ్వెనతోనే నన్ను ఆటలోకి పంపింది.

ఏం చెప్పమంటారు! నాకు అరవై ఆరేళ్లు. కళ్లు మూసి తెరిచేసరికి ఇరవై రెండు. మోకాళ్లలో నొప్పి లేదు. భుజాన గొడ్డలి. నా పేరు కోటివీర. నలభైమంది దళం నా వెనక నిలబడి "దొరా, ఆజ్ఞ" అంటోంది. కొటారులో ఉప్పు సంగతి తప్పితే నా మాట కుక్క కూడా వినదు. మొదటి రోజే తాటిచెట్టంత సముద్రపాము తల నరికి, ముక్కలు కోసి ఉప్పులో ఊరేశాను. ఊరేయడం నాకెవరు నేర్పాలి!

దళంలో వంటవాడు కాలేషా. బయట చీమకుర్తిలో పెళ్లిళ్లకు బిరియానీ వండే మనిషి. అతని నాలుక కూడా మేడం తీసుకుంది. ఆ సాయంత్రం దీవిలో మంట వేసి, పాము మాంసంతో బిరియానీ దించాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. యాలకులు వేరు, నెయ్యి వేరు, అడుగున మాడిన ఉల్లిపాయ వేరు, ఒక్కొక్కటీ పేరు పెట్టి పలకరించినట్టు వచ్చింది.

"ఎట్టుంది బావా?" అన్నాడు.

గిన్నె నా వైపు లాక్కున్నాను.

దువ్వెన ఇంటికి తెచ్చుకున్నాను. ఇస్తారా అని మేడాన్ని అడిగితే, రోజూ ఆడితే రుచి ఇంకా బాగా నమోదవుతుందంటూ సంతోషంగా ఇచ్చింది.

మా ఉప్పు పాకలో, మిట్టమధ్యాహ్నం, మనుషులందరూ ఎండకు జడిసి ఇళ్లు చేరే వేళ, తలగుడ్డ కింద దువ్వెన పెట్టుకుని కూర్చునేవాణ్ణి. మొదట గంట. తర్వాత పూట. తర్వాత రోజు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో నాకు పట్టేది కాదు.

మా ఆవిడ రావులమ్మ పాక గుమ్మంలో నిలబడి అడిగేది. "ఏమయ్యా, ఆ తలగుడ్డలో గుంయ్‌గుంయ్ ఏంది?"

"తేనెటీగ దూరిందే."

"తేనె తీసేటప్పుడు కేకెయ్, గిన్నె తెస్తా. మడి గట్టు తెగి రెండు రోజులయింది, అదన్నా వినబడిందా దొరగారికి?"

దొరగారనగానే ఉలిక్కిపడ్డాను. ఈమెకెలా తెలిసింది? తెలియదు. ఊరికే అంది. అబద్ధంలో ఉన్నవాడికి ప్రతి మాటా సమన్లు లాగే ఉంటుంది.

నెలన్నరకు ఒకరోజు చేపల పులుసు చప్పగా తగిలింది.

"చింతపండు మర్చిపోయావే."

ఆమె వేలితో అద్దుకుని చూసింది. "నీ నాలుక్కి తుప్పు పట్టింది. ఇదిగో, కళ్లు మండేంత పులుపుంది."

ఆ తర్వాత వారానికి మిరపకాయ మంట మిగిలింది కానీ కారం పోయింది. ఆ పైవారం అన్నం తడిసిన కాగితంలా ఉంది. మజ్జిగ సున్నపు నీళ్లలా ఉంది. దువ్వెన పెట్టుకుని దీవిలోకి పోతే మాత్రం అన్ని రుచులూ అక్కడే ఉన్నాయి, నా కోసమే ఎదురు చూస్తున్నట్టు. అర్థమవుతోందా? నా నోరు అక్కడికి కాపురం మార్చింది. ఇక్కడ ఖాళీ ఇల్లు మిగిలింది.

అయినా భయపడలేదు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఇంకా ఎక్కువసేపు పోయాను. అక్కడ ఎంత తిన్నా కడుపులోకి ఒక్క మెతుకు పోదు. మొలతాడు జారిపోతుంటే ఒక ముడి వేశాను, తర్వాత ఇంకో ముడి. మూడో ముడికి తాడు చాలా పొడుగు మిగిలి కింద వేలాడింది.

ఆ రోజుల్లోనే మా అమ్మాయి కాన్పుకని రావులమ్మ కందుకూరు వెళ్లింది, పన్నెండు రోజులు. వెళ్తూ, "ఐదో మడి మీద కన్నెయ్యి. నీళ్లు చేదుకి తిరగబడే టయానికొచ్చింది. తెలీకపోతే పక్కోళ్ల గాజు గొట్టం అడుగు. నామర్దా పడబాక" అంది.

నేను అడుగుతానా? మడి గట్టున కూర్చుని వేలు ముంచి నాలుకకు రాసుకున్నాను. ఏమీ లేదు. మళ్లీ రాసుకున్నాను. గాలి. చుట్టూ తెల్లటి ఎండ, తెల్లటి మడులు, కళ్లు పొడిచే వెలుగు. అంత వెలుతురులో, నా వేలు నా నోట్లోనే ఉండి, అది ఎవరిదో శవం వేలులా అనిపించింది. లేచి పాకలోకి పోయి దువ్వెన పెట్టుకున్నాను.

రావులమ్మ తిరిగొచ్చేసరికి, నేను తోచినప్పుడు తూము తీసి గోకిన ఐదో మడి ఉప్పు గట్టు మీద రాశి పోసి ఉంది. దూరం నుంచి మల్లెపూల కుప్పలా ఉంది. ఆమె సంచి దించకుండానే ఒక పలుకు తీసి నోట్లో వేసుకుని, ఊసింది. నా వంక చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"రుచి చూసే గోకావా?"

"చూశా. ఎండ ఎక్కువైంది."

"ఎండ మీద పెట్టబాక. నా మొహం లేదు, అందుకని."

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. మొదట కొట్టిన గొప్ప వెనక్కి తీసుకుంటున్నాను, నవ్వుకోండి. ఆ నాలుక నాది కాదు. ఏనాడూ కాదు. రావులమ్మది. పెళ్లయిన మొదటి వేసవిలోనే తెలిసింది, పిల్ల వేలు ముంచి నాకిందంటే చాలు, నీళ్లు తమ జాతకం చెప్పేస్తాయి. కానీ ఆడమనిషి మాట మీద తూము తీస్తే కొటారులో నవ్వుతారు. అందుకని ముందు ఆమె నాకేది. నేను ఆమె ముఖం చూసేవాణ్ణి. ఎడమ కనుబొమ పైకి లేస్తే ఇంకా కాలేదు. కిందికి దిగితే సరిపోయింది. పెదాలు బిగిస్తే చేదు, వెంటనే తూము తీయాలి. అప్పుడు నేను గట్టు మీద నిలబడి, నలుగురికీ కనబడేలా నాకి, పంచాంగం చెప్పినట్టు చెప్పేవాణ్ణి. నలభై రెండేళ్లు ఇదే నాటకం. వేషం వేయడం నేను దీవుల్లో నేర్చుకోలేదు.

"ఎవురు చెపితే ఏందయ్యా, ఉప్పు ఉప్పేగా" అనేది ఆమె. పేరు నాకే వదిలేసింది.

ఆ మర్నాడు దీవిలోకి వెళ్తే కాలేషా మంట దగ్గర నిలబడి గరిట తిప్పుతున్నాడు. "ఏం వండుతున్నావు బావా?" అన్నాను. పలకలేదు. భుజం పట్టుకుని ఊపాను. ముఖం నా వైపు తిరిగింది, కళ్లు నన్ను దాటి ఎటో చూస్తున్నాయి. "ఎట్టుంది బావా?" అంది ఆ నోరు. గరిట తిరుగుతూనే ఉంది. గిన్నెలో ఏమీ లేదు. "ఎట్టుంది బావా?" అని మళ్లీ అంది. దళమంతా దూరంగా జరిగి నిలబడింది.

మూడోనాడు దీవిలోకి కొత్తవాడొకడు వచ్చి, కాలేషా తమ్ముణ్ణని చెప్పాడు.

"మా అన్న రెండు నెలలుగా కంచం ముందు కూకుని ఏడ్చేవోడు. మన్ను తిన్నట్టుంది అనేవోడు. నీళ్లు కూడా గొంతు దిగలా. మొన్న శుక్రారం పోయాడు. ఇక్కడ ఇంకా వండుతుండాడని చెప్తే చూడ్డానికొచ్చా." ఆ గరిట తిప్పే చేతిని పట్టుకుని ఆపడానికి చూశాడు. ఆగలేదు.

దువ్వెన తీసేశాను. వేళ్లు మొలతాడు ముడులు తడుముకున్నాయి. మూడు. పారేద్దామనుకున్నాను. కానీ పారేస్తే ఈ జన్మకు ఇక ఏ రుచీ లేదు. మళ్లీ పెట్టుకున్నాను.

అప్పుడే ఇందుమతి మేడం ఫోన్ చేసింది. "తాతా, మీ నమోదులన్నీ మళ్లీ చూశాం. మీది మామూలు నాలుక. ఊళ్లో అందరికీ ఉండేదే. పై వారం మీ వేషం మూసేస్తున్నాం."

మూసేస్తే కోటివీర ఉండడు. బిరియానీ ఉండదు. ఇటు మన్ను, అటు తలుపు మూత.

"ఆ నాలుక నాది కాదమ్మా" అన్నాను. నలభై రెండేళ్లు కడుపులో దాచిన మాట, అంత తేలిగ్గా జారింది. "మా ఆవిడది."

"ఒక్కసారి ఆమెకు దువ్వెన పెట్టండి. ఒక్క పూట చాలు. అప్పుడు మీరు ఉండొచ్చు." ఆగి, మెల్లగా, "మనమందరం ఉండొచ్చు" అంది.

రెండో దువ్వెన ఆ మర్నాడే మనిషి చేత పంపింది.

మధ్యాహ్నం. రావులమ్మ మడి పని ముగించి, అన్నం తిని, పాక నీడలో కూర్చుని తాంబూలం వేసుకుంది. ఆకు, సున్నం, వక్క. నేను వెనక్కి వెళ్లి కూర్చున్నాను.

"తల దువ్వుతా ఉండు."

నమలడం ఆపి వెనక్కి తిరిగి చూసింది. "ఎండ దెబ్బ తగిలిందా?"

"పెళ్లాం తల దువ్వకూడదా?"

"నలభై రెండేళ్లకు గుర్తొచ్చిందా సరసం! చిక్కులున్నాయి, మెల్లగా" అంటూ సిగ్గుగా ముందుకు తిరిగి, కొప్పు విప్పి నాకిచ్చింది. నెరిసిన జుట్టులో ఉప్పు పొడి మెరుస్తోంది. గుచ్చాను. గుంయ్‌మంది. నా దువ్వెన నేను పెట్టుకున్నాను.

వచ్చింది. దేవుడా, ఎలా వచ్చింది! ముందు మా మడులన్నీ ఒకదాని వెనక ఒకటి నాలుక మీదికొచ్చాయి. ఒక్కొక్క మడికీ ఒక్కో రుచి ఉందని నాకు ఆ రోజే తెలిసింది. నలభై రెండేళ్లు చెప్పినవన్నీ నేను విప్పకుండా చదివిన ఉత్తరాలు. దీవిలో నిలబడి ఏడ్చాను. అంతలో నోట్లోకి ఇంకేదో వచ్చింది. లేత తమలపాకు. సున్నం చురుకు. వక్క వగరు. నేనేమీ నమలడం లేదు కదా!

బయట నుంచి రావులమ్మ గొంతు వినిపించింది.

"ఏమయ్యా, ఆకు పొద్దున కోసిందే. చప్పగా ఉందేంది?"

వెంటనే దువ్వెన పీకేశానని ఊళ్లో చెప్పుకుంటాను. పీకలేదు. తన నోట్లోది నా నోట్లోకి వస్తోందని తెలిసి కూడా, మూడు నమలుళ్లు నమిలాను. ఒకటి. రెండు. మూడు. ఎంత బాగుందో చెప్పను.

"వక్క కూడా చప్పబడిందయ్యా" అంది. ఈసారి గొంతులో భయం ఉంది. మా ఆవిడ గొంతులో భయం నేను అంతకు ముందు వినలేదు, తుఫానులో కూడా.

అప్పుడు పీకాను. జుట్టుతో సహా వచ్చింది. రెండు దువ్వెనలూ తీసుకుని ఎండలోకి పరుగెత్తి, నీళ్లు ముదిరిన మడిలోకి విసిరేశాను. వెనక్కి వచ్చి ఆమె ముందు కూలబడి మొదటి నుంచీ చెప్పాను. ఆమె లేచి వెళ్లింది. పోయిందనుకున్నాను. ఐదో మడి దాకా పోయి, వేలు ముంచి, నాకి, కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత కనుబొమ కదిలింది. నా గుండె కొట్టుకోవడం మొదలుపెట్టింది.

"ఉప్పు ఉండాది. ఆకే పోయింది" అంది. ఆనాటి నుంచి తాంబూలం మానేసింది. ఆ తాంబూలం పెట్టె ఇప్పటికీ చూరులో ఉంది.

నేను ఒంగోలు వెళ్లాను. "వేలిముద్ర అన్నావు కదమ్మా. వేలే పోయింది" అన్నాను.

ఇందుమతి మేడం నా వంక చూడలేదు. బల్ల మీద డబ్బా తెరిచి ఉంది, మూత చుట్టూ ఈగలు. "మొదటి నాలుక నాదే తాతా. ముక్కు కూడా అందులోనే ఉంది" అంది. "నమోదు చేసిన ప్రతిసారీ ఇక్కడ కొంచెం అరుగుతుందని నాకు తెలిసేసరికే నాకు ఇక్కడ ఏమీ మిగల్లేదు."

"ఆపెయ్ మరి."

"రుచి మరిగినవాళ్లు లక్షమంది ఉన్నారు లోపల. ఆపితే ఏం తింటారు?" కొప్పులోని దువ్వెనను వేలితో సర్దుకుంది. బయట వరండాలో ఒక ముసలామె కూర్చుని ఉంది, ఒళ్లో ఆవకాయ జాడీ. లోపలికి ఎప్పుడు పిలుస్తారని నన్ను అడిగింది. "పిలవరు, ఇంటికి పో తల్లీ" అన్నాను. కదల్లేదు. ఆమె ముఖంలో ఆనాడు నేను దువ్వుకున్న మీసమే కనబడింది.

తర్వాత నలభై రోజులు నరకం. మధ్యాహ్నమైతే కాళ్లు పాక వైపు లాగేవి. తలగుడ్డ కింద గుంయ్‌గుంయ్ వినబడేది, దువ్వెన లేకుండానే. రావులమ్మ పాకకు తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుంది. ముద్ద కలిపి నోట్లో పెట్టేది. "మన్నైనా మింగు. కాలేషా మింగలేకపోయాడు, నువ్వు మింగు" అనేది. మింగాను. మొలతాడు ముడి ఒకటి విప్పాను. తర్వాత రెండోది.

చివరకు చింతచిగురు రోజుల్లో, పప్పులో వేసిన చిగురు నాలుక కింద సన్నగా పుల్లగా తగిలింది. "పులుపే!" అని అరిచాను. రావులమ్మ గరిట వదిలేసి నవ్వింది. ఆ ఏడాదిలో ఆమె నవ్వడం అదే మొదలు.

ఇంతా చెప్పాక, ఇందులో నేను కల్పించిందేదో కూడా చెప్పాలి కదా. ఆఫీసరు గిన్నెల సంగతి మీరెలాగూ నమ్మలేదు, కాబట్టి అది లెక్కలోకి రాదు. పాము తాటిచెట్టంత లేదు, కొబ్బరిచెట్టంత ఉంది. అసలు కల్పించింది చింతచిగురు.

పులుపు తగల్లేదు. ఏమీ తగల్లేదు. ఇప్పటికీ లేదు. ఆమె ముఖం చూసి అరిచాను, అంతే.

అప్పటి నుంచి కంచం ముందు కూర్చుని మొదట ఆమె తినేదాకా ఆగుతాను. కనుబొమ దిగితే, "ఉప్పు సరిపోయిందే" అంటాను. పాత విద్యే కదా, గట్టు మీద నుంచి కంచం దగ్గరికి వచ్చింది. బాగానే సాగింది. నిన్న మధ్యాహ్నం మాత్రం ఆమె తింటూ ముఖం కొయ్యబొమ్మలా పెట్టుకుంది. కనుబొమ లేదు, పెదవి లేదు. ఎంత చూసినా ఏమీ చెప్పలేదు. నేను ముద్ద మింగి, ధైర్యం చేసి, "ఉప్పు సరిపోయిందే" అన్నాను.

ఆమె లేచి లోపలికి వెళ్లి ఉప్పు చిప్ప తెచ్చింది. నా అన్నంలో చిటికెడు వేసి, తనే కలిపి, ఒక మెతుకు నోట్లో వేసుకుని, నాకు బాగా కనబడేలా ముఖం ఇటు తిప్పి, ఎడమ కనుబొమ దించింది.

అప్పుడు తిన్నాను.